ఒక్కో ఫోటాన్‌నూ లెక్కపెట్టి వెలుగు రూపం రాబట్టడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి. కంటికి ఆనని మసక వెలుగులో, అంటే ఫోటాన్లు ఒకదాని వెనక ఒకటి ఒంటరిగా వచ్చేంత తక్కువ కాంతిలో, దాని స్థల సంబంధమైన క్వాంటం స్థితిని కొలిచేదెలా అని. పొడుగు ఉత్తరాలను కుదించాం. లెక్కలకు ఒకే ఉదాహరణ పట్టుకున్నాం: 632.8 నానోమీటర్ల ఎర్ర హీలియం-నియాన్ లేజర్.

ప్రశ్న: ఫోటాన్ తెరను తాకితే ఒక్క చుక్క పడుతుంది. చుక్కకు ఆకారం ఏముంటుందండీ? స్థితిని కొలిచామంటే అసలు ఏం కొలిచినట్టు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: చుక్కకు ఆకారం లేదు. చుక్క ఎక్కడెక్కడ ఎంత సంభావ్యతతో పడుతుందో నిర్ణయించే తరంగ ప్రమేయానికి ఉంది. 1909లో కేంబ్రిడ్జ్‌లో జి.ఐ. టేలర్ గ్యాస్ మంట వెలుగును పొగబట్టిన గాజు పలకలతో బాగా తగ్గించి, సూది నీడను ఫోటో ప్లేటు మీద పట్టాడు. అన్నిటికన్నా మసక వెలుగుతో చేసినప్పుడు ప్లేటును సుమారు 2000 గంటలు, దాదాపు మూడు నెలలు, అలాగే ఉంచాల్సి వచ్చింది. నీడ అంచున వివర్తన చారలు (కాంతి అలలా వంగడం వల్ల పడేవి) మాత్రం ఏమీ పలచబడలేదు.

బీమ్ అడ్డుకోతలో ప్రతి బిందువు దగ్గరా ఆ ప్రమేయానికి రెండు విషయాలుంటాయి: పరిమాణం, దశ (అల తన ఊపులో ఏ చోట ఉందో చెప్పేది). కెమెరాకు దొరికేది పరిమాణపు వర్గం ఒక్కటే. ఒక బీమ్ ముడుచుకుంటూ పోతోంది, మరొకటి విచ్చుకుంటూ పోతోంది అనుకోండి. ఒకానొక తలం దగ్గర రెండిటి మచ్చా ఒకే సైజుకు వస్తుంది. అక్కడ కెమెరా పెడితే రెండు ఫోటోలకూ తేడా కనబడదు. తేడా అంతా దశలో దాగి ఉంటుంది. స్థితిని కొలవడమంటే దశతో సహా రాబట్టడం. బీమ్‌కు పూర్తి సంబద్ధత (వేర్వేరు బిందువుల దశల మధ్య పొందిక) లేకపోతే ఒక్క ప్రమేయం కూడా చాలదు, ఏ రెండు బిందువుల మధ్య ఎంత సంబద్ధత మిగిలిందో అదీ చెప్పాలి.

ఒక్క ఫోటాన్‌తో ఈ పని కాదు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లో వూటర్స్, జురెక్ కలిసి, డీక్స్ విడిగా చూపించారు. ఫోటాన్ ఒక్కసారి క్లిక్కుమన్నాక మళ్లీ అడగడానికి మిగలదు. అందుకే ఒకే తీరున తయారైన లక్షల ఫోటాన్లు తీసుకుని, ఒక్కోదాన్నీ ఒక్కో ప్రశ్న అడుగుతారు. ‘ఒక్క ఫోటాన్ తరంగ ప్రమేయాన్ని కొలిచారు’ అని ఎక్కడైనా శీర్షిక కనిపిస్తే దాన్ని ఇలా అర్థం చేసుకోండి.

ప్రశ్న: మా కాలేజీలో 1 మిల్లీవాట్ లేజర్ ఉంది. దాన్ని ఫోటాన్లు విడివిడిగా వచ్చే స్థాయికి దించాలంటే ఎన్ని ఫిల్టర్లు కావాలి? అలా దించిన వెలుగును ‘ఒంటరి ఫోటాన్లు’ అనవచ్చా?
– ఫిజిక్స్ లెక్చరర్, ఖమ్మం

జవాబు: ఈ రంగులో 1 మిల్లీవాట్ అంటే సెకనుకు సుమారు 32 కోట్ల కోట్ల ఫోటాన్లు. న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లలో (రంగు మార్చకుండా వెలుగును తగ్గించేవి; ఓడీ 1 పెరిగితే వెలుగు పదో వంతవుతుంది) ఓడీ 4వి రెండు, ఓడీ 2ది ఒకటి వరుసగా పెడితే మొత్తం ఓడీ 10, అంటే వెయ్యి కోట్లలో ఒక వంతు. సెకనుకు 3.2 లక్షల ఫోటాన్లు మిగులుతాయి. సగటున రెండింటి మధ్య 3.1 మైక్రోసెకన్ల ఎడం, దూరంలో చెప్పాలంటే 900 మీటర్ల పైమాటే. మీ పరికరంలో కాంతి నడిచే దారి మీటరున్నర అనుకుంటే, ఏ క్షణంలో చూసినా అందులో ఉండే ఫోటాన్ల సగటు 0.0016.

ఫిల్టర్ మీద రాసిన ఓడీని నమ్మి లెక్క వేయకండి. అది తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. ఒక్కో ఫిల్టర్‌నూ విడిగా, మీ లేజర్‌తోనే, పవర్ మీటర్ మీద కొలిచి రాసుకోండి. వరసగా పేర్చినప్పుడు ఒక్కోదాన్నీ రెండు మూడు డిగ్రీలు పక్కకు వంచి పెట్టాలి. సమాంతరంగా ఉంటే పలకల మధ్య వెనక్కీ ముందుకీ పరావర్తనం చెందిన కాంతి అసలు బీమ్‌తో కలిసిపోతుంది. ఇంతకన్నా ముఖ్యం, ఫిల్టర్లన్నీ సింగిల్ మోడ్ ఫైబర్‌కు (ఒకే ఆకారపు వెలుగును పోనిచ్చే గాజు పోగుకు) లేదా పిన్‌హోల్‌కు ముందే ఉండాలి. తర్వాత పెడితే గాజు మందంలోని హెచ్చుతగ్గులు, మీది ధూళి మీరు కొలవబోయే స్థితినే మార్చేస్తాయి.

రెండో ప్రశ్నకు జవాబు: అనకూడదు. లేజర్‌ను ఎంత పలచన చేసినా అది లేజర్ కాంతే. ఫోటాన్లు పాసాన్ విభజన ప్రకారం, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వస్తాయి, అప్పుడప్పుడు జంటగానూ వస్తాయి. నిజమైన ఒంటరి ఫోటాన్ కావాలంటే మూలమే వేరు, ఆ మాట చివరి ప్రశ్నలో వస్తుంది. కానీ మీకు కావలసింది అడ్డుకోతలో ఆకారం, దశ మాత్రమే అయితే ఈ తేడా అడ్డు రాదు. ఒకే ఫైబర్ నుంచి వచ్చిన ఒంటరి ఫోటాన్‌కూ, పలచన చేసిన లేజర్‌కూ స్థల రూపం ఒకటే. పరికరాన్ని సరిచూసుకోవడానికి లేజర్ వాడటం తప్పేమీ కాదు, నిజానికి అదే పద్ధతి.

ప్రశ్న: విగ్నర్ ప్రమేయాన్ని నేరుగా, బిందువు బిందువుగా కొలవవచ్చని క్లాసులో చెప్పారు. స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ ఒకేసారి కొలవలేమంటారు కదా, మరి ఇదెలా కుదురుతుంది?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: 1932లో యూజీన్ విగ్నర్ ఇచ్చిన ప్రమేయం స్థితినంతా, దశతో సహా, ఒకే పటంలో చూపుతుంది. అందులో రెండు అక్షాలు. ఒకటి స్థానం. రెండోది అడ్డు ద్రవ్యవేగం. బీమ్ విషయంలో అది వంపు కోణమే. ఏదో బిందువు దగ్గర దాని విలువ చెప్పాలంటే ‘ఫోటాన్ ఇక్కడ, ఈ కోణంలో ఉందా?’ అని అడగనక్కర్లేదు. వేరే ప్రశ్న ఒకటుంది.

ముగ్గు వేశారనుకోండి. నడిబొడ్డున వేలు పెట్టి ముగ్గంతా 180 డిగ్రీలు తిప్పినట్టు ఊహించండి. తిప్పినా అదే ముగ్గులా ఉంటే అది ‘సరి’. ఆకారం అదే అయి గుర్తు మాత్రం తిరగబడితే, అంటే ప్రతి చోటా దశ 180 డిగ్రీలు మారితే, అది ‘బేసి’. ఏ ప్రమేయమైనా కొంత సరి భాగం, కొంత బేసి భాగం కలిసిందే. సరి సంభావ్యతలోంచి బేసి సంభావ్యతను తీసేస్తే వచ్చేది సగటు పారిటీ. అది +1 నుంచి −1 దాకా ఉంటుంది. 1977లో రాయర్ చూపించినదేమంటే, ఏ స్థానం, ఏ కోణం చుట్టూ తిప్పితే ఎంత పారిటీ వస్తుందో, ఆ బిందువు దగ్గర విగ్నర్ విలువ దానికి తగ్గట్టే. ఒక్క దిశకైతే పారిటీని ‘పై’తో (3.14తో) భాగించాలి. అందుకే విగ్నర్ విలువ 0.318 దాటదు, −0.318 కిందికి దిగదు.

చూశారా, స్థానమూ కోణమూ మనం ఎంచుకున్న కేంద్రానికి చెందినవి, ఫోటాన్ మీద జరిగిన కొలతకు కాదు. ఫోటాన్‌ను అడుగుతున్నది ‘సరా, బేసా?’ అని ఒక్క మాటే. అనిశ్చితత్వ సూత్రానికి ఇక్కడ పేచీ లేదు.

ఇక పరికరం. బీమ్ స్ప్లిటర్ దగ్గర కాంతి రెండుగా చీలి, ఒకే చుట్టుదారిలో ఎదురెదురుగా తిరిగి, అదే స్ప్లిటర్ దగ్గర కలుసుకునే అమరికను సాన్యాక్ ఇంటర్ఫెరోమీటర్ అంటారు. ఆ చుట్టులో బింబాన్ని తిప్పే ఏర్పాటు ఒకటి పెడితే, ఒక దిశలో పోయేది +90 డిగ్రీలు, ఎదురు దిశలో పోయేది −90 డిగ్రీలు తిరుగుతుంది. కలిసే చోట రెండిటి మధ్య తేడా 180 డిగ్రీలు. అక్కడ వ్యతికరణం జరిగి సరి భాగమంతా ఒక ద్వారం నుంచి, బేసి భాగమంతా రెండో ద్వారం నుంచి బయటపడుతుంది. ద్వారం దగ్గర డిటెక్టర్ పెట్టి క్లిక్కులు లెక్కపెడితే పారిటీ చేతికొచ్చినట్టే. కేంద్రాన్ని మార్చడానికి పరికరాన్ని కదపరు. దానికి ముందున్న ఒక అద్దంతో బీమ్‌నే పక్కకు జరుపుతారు, వంచుతారు.

బీమ్‌కు తిప్పిన, జరిపిన నకళ్లు తీసి, మొత్తం వెలుగును ఒకే డిటెక్టర్‌తో పట్టే ఈ ఉపాయాన్ని 2003లో ముకామెల్, బానాషెక్, వామ్స్‌లీ, డోరర్ ప్రయోగంలో చూపించారు. 2005లో బ్రయన్ స్మిత్, మైకేల్ రేమర్, వామ్స్‌లీ, బానాషెక్ బృందం అన్నీ అద్దాలతోనే చుట్టు కట్టి, బాగా పలచన చేసిన లేజర్ మీద ఫోటాన్లను లెక్కపెడుతూ ఇదే కొలత చేసింది. పట్టకం లేకుండా అద్దాలే ఎందుకంటే, సమాంతరం కాని బీమ్ వంపు ముఖాల గాజులోంచి పోతే నిలువుకూ అడ్డానికీ ఫోకస్ వేరై తరంగముఖం వంకరపోతుంది. అద్దాలకు ఆ జబ్బు లేదు.

మీ క్లాసులో చెప్పి ఉండరేమో, ఇంకో సౌకర్యం ఉంది. 180 డిగ్రీల తిప్పుడు ముందు జరిగినా, కాంతి కొంత దూరం నడిచాక జరిగినా ఫలితం ఒకటే. అందువల్ల చుట్టుదారి ఎంత పొడుగైనా లెక్కలోకి రాదు. మీకు దొరికే విగ్నర్ చిత్రం బీమ్‌ను వంచే అద్దం ఉన్న తలానిదే.

ప్రశ్న: బల్ల మీద ఏమేం కావాలి, ఏ వరసలో అమర్చాలి? కొలతలతో చెప్పగలరు.
– ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్

జవాబు: అన్నీ అద్దాలతో కట్టే చుట్టు బల్ల తలం వదిలి పైకి లేస్తుంది, సర్దడం కష్టం. మొదటిసారికి డవ్ పట్టకం (బింబాన్ని తిప్పే గాజు దిమ్మ) వాడి, బీమ్‌ను బాగా సమాంతరం చేసుకోండి, చాలు. పట్టకాన్ని దాని అక్షం చుట్టూ సరిగ్గా 45 డిగ్రీలు వాల్చాలి. స్ప్లిటర్ కాక చుట్టులో అద్దాలు మూడు ఉండాలి, రెండు కాదు. అద్దాల సంఖ్య సరి అయితే పట్టకం రెండు దిశల్లోనూ చేసిన పని ఒకటైపోయి, తేడా సున్నా అవుతుంది. మూడు రోజులు సర్దినా తిరగని బింబం తిరగదు. చాలామంది తడబడేది ఇక్కడే.

బీమ్ నడుము వ్యాసార్థం 0.5 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు స్థానంలో ప్రామాణిక విచలనం 0.25 మిల్లీమీటర్లు, కోణంలో సుమారు 0.2 మిల్లీరేడియన్లు. అద్దం వంగిన దానికి రెట్టింపు బీమ్ వంగుతుంది కాబట్టి అద్దం పరంగా అది 0.1 మిల్లీరేడియనే. మామూలు ఒక అంగుళం అద్దపు మౌంటులో, అంగుళానికి 80 మరలున్న స్క్రూ ఒక చుట్టు తిరిగితే 8 మిల్లీరేడియన్ల దాకా వంగుతుంది. అంటే మీకు కావలసింది చుట్టులో ఎనభయ్యో వంతు! చేత్తో తిప్పి ఆ స్థాయిలో స్కాన్ చేయడం కుదరని పని. స్కాన్ అద్దానికి పీజో మౌంటు (విద్యుత్తుతో అతి సన్నగా కదిలేది) తప్పదు, అడుగు 10 మైక్రోరేడియన్లకు మించకుండా ఉండాలి. స్థానానికి 10 మైక్రోమీటర్ల అడుగుతో నడిచే మోటారు స్టేజి చాలు. 45 డిగ్రీల అద్దాన్ని వచ్చే బీమ్ దిశలో ఎంత జరిపితే బీమ్ అంతే జరుగుతుంది. అద్దపు లంబం వెంట జరిపితే 1.41 రెట్లు. మీ స్టేజి ఏ దిశలో బిగించారో నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి, తర్వాత చిత్రం అడ్డంగా సాగినప్పుడు కారణం దొరుకుతుంది.

ఫోటాన్ డిటెక్టర్‌ను పెట్టెలోంచి తీయకుండా, ఫిల్టర్లు లేకుండా, నిండు వెలుగుతో అమరిక అంతా పూర్తి చేయండి. ముందు పట్టకం లేకుండా ఉత్త సాన్యాక్ కట్టి, చీకటి ద్వారం (రెండు దారుల వెలుగూ ఒకదాన్నొకటి ఆర్పేసే ద్వారం) నిజంగా చీకటిగా ఉందో లేదో చూడండి. చారలు కనిపిస్తే ఏదో ఒక అద్దంతో వాటిని వెడల్పు చేసుకుంటూ పోతే చివరికి మచ్చంతా ఒకేసారి ఆరిపోతుంది. ఆ తర్వాత పట్టకం పెట్టి, దాని వల్ల పక్కకు జరిగిన బీమ్‌ను మళ్లీ మధ్యకు తెచ్చుకోండి. ఇప్పుడు బీమ్ దారిలో ఒక పక్కగా సన్నటి తీగ అడ్డం పెట్టండి. బయట తెర మీద తీగ నీడ రెండుచోట్ల, మధ్యబిందువుకు అటూ ఇటూ, ఎదురెదురుగా కనబడాలి. ఒక్క నీడే కనబడితే తిప్పుడు జరగలేదు. రెండూ సమాంతరంగా లేకపోతే పట్టకం 45 డిగ్రీల మీద లేదు. పట్టకంలో అర డిగ్రీ తప్పు బింబంలో 2 డిగ్రీల తప్పవుతుంది. గుండ్రటి లేజర్ మచ్చ ఈ తప్పును ఎన్నటికీ బయటపెట్టదు. తీగ పరీక్ష మానేయకండి.

ధ్రువణాన్ని (కాంతి అల ఊగే దిశను) కూడా కట్టేయాలి. 45 డిగ్రీల పట్టకం ధ్రువణాన్ని కొంత కదుపుతుంది, రెండు దిశల్లో వేర్వేరుగా. చుట్టుకు ముందొక పోలరైజర్, డిటెక్టర్‌కు ముందొకటి పెడితే కొంత కాంతి పోయినా వ్యతికరణం శుభ్రంగా ఉంటుంది.

సాన్యాక్‌లో రెండు దారులూ ఒకే అద్దాల మీదుగా పోతాయి కాబట్టి కంపనాలు, వేడి వల్ల దారి పొడవు మారడం పెద్దగా బాధించవు. మిగతా ఇంటర్ఫెరోమీటర్లలోలా దారి పొడవును కాపలా కాసే సర్క్యూట్ అక్కర్లేదు.

ప్రశ్న: మధ్యబిందువు దగ్గర కౌంట్ సున్నాకు రావాలి, కానీ దూరపు కౌంట్‌లో (బీమ్‌ను మధ్య నుంచి చాలా దూరం జరిపినప్పుడు వచ్చేదానిలో) ఐదో వంతు దగ్గరే ఆగిపోతోంది. నిండు వెలుగులో బాగానే ఆరిపోయింది. అంచుల్లో చిత్రం కూడా కుంగినట్టుంది.
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: నిండు వెలుగులో బాగుండి మసకలో చెడితే మొదట అనుమానించాల్సింది అమరికను కాదు, పరాయి వెలుగును. మీ దూరపు కౌంట్ సెకనుకు 2000 అనుకుందాం, అందులో 400 గది వెలుగు, డార్క్ కౌంట్లదే (వెలుగు లేకున్నా డిటెక్టర్ చేసే క్లిక్కులదే) అయితే మధ్యలో కూడా ఆ 400 కదలదు. సరిగ్గా ఐదో వంతు! లేజర్ మూసి కౌంట్ తీయండి, అది గది వెలుగు, డార్క్ కౌంట్. లేజర్ తెరిచి, చుట్టులోపల నల్ల అట్ట అడ్డుపెట్టి మరోసారి తీయండి. పెరిగితే స్ప్లిటర్ ముఖం నుంచి చెల్లాచెదురైన కాంతి నేరుగా డిటెక్టర్‌కు పోతున్నట్టు. కంప్యూటర్ తెర, పవర్ సప్లై మీది ఎల్ఈడీ, తలుపు కింది సందు, వీటిలో ఏ ఒక్కటైనా సెకనుకు వేల కౌంట్లు ఇవ్వగలదు. డిటెక్టర్ ముందు 633 నానోమీటర్ల దగ్గర తెరుచుకునే సన్నటి పట్టీ ఫిల్టర్, చుట్టూ నల్ల పెట్టె పెడితే చాలావరకు తగ్గుతుంది.

స్ప్లిటర్ 50:50 కాకపోవడం వల్లేనేమో అని చాలామందికి అనుమానం. లెక్క చూడండి: 55:45 ఉన్నా చీకటి ద్వారంలో స్పష్టత (వెలుగు ఎంత బాగా ఆరుతుందో చెప్పే అంకె) 98 శాతం వస్తుంది, 60:40 అయితే 92. కొత్త స్ప్లిటర్ కొనడానికి తొందరపడకండి.

అంచుల్లో కుంగడం మాత్రం డిటెక్టర్ దగ్గరి తప్పే. ఈ పద్ధతికి ప్రాణం ఒక్కటే: ద్వారం నుంచి వచ్చిన ప్రతి ఫోటాన్నూ, ఎటు వంగి వచ్చినా ఎక్కడికి జరిగి వచ్చినా, డిటెక్టర్ ఒకే సామర్థ్యంతో పట్టాలి. సిలికాన్ అవలాంచ్ డిటెక్టర్‌లో (ఒక్క ఫోటాన్‌కూ క్లిక్కుమనే రకం) చురుకైన ప్రదేశం వ్యాసం తరచూ 180 మైక్రోమీటర్లే ఉంటుంది. 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఫోకస్ చేశారనుకోండి. బీమ్ 1 మిల్లీరేడియన్ వంగితే మచ్చ 100 మైక్రోమీటర్లు జరిగి డిటెక్టర్ బయట పడుతుంది. 11 మిల్లీమీటర్ల లెన్స్ అయితే అదే వంపుకు 11 మైక్రోమీటర్లే జరుగుతుంది. బీమ్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగినా కాంతి 0.09 న్యూమరికల్ అపర్చర్ (ఎంత వెడల్పు కోణంలో కాంతి చేరుతుందో చెప్పే అంకె) లోపలే ఉంటుంది. కురచ లెన్స్ పెట్టండి. డిటెక్టర్‌కు సింగిల్ మోడ్ ఫైబర్ తగిలించి ఉంటే వెంటనే తీసేయండి. అది ఒకే ఒక్క ఆకారాన్ని లోపలికి రానిస్తుంది, అప్పుడు మీరు కొలుస్తున్నది విగ్నర్ ప్రమేయమే కాదు.

గది లైట్లు వెలిగే ముందు డిటెక్టర్ కరెంటు ఆపడం మరచిపోవద్దు. నిండు వెలుగు తగిలితే అది చెడిపోవచ్చు, బాగుచేయించడం కన్నా కొత్తది కొనడమే జరుగుతుంది.

ప్రశ్న: మొత్తం కొలతకు ఎంతసేపు పడుతుంది? కౌంట్ నుంచి పారిటీకి ఎలా వెళ్లాలి?
– ఎంటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: మధ్య నుంచి చాలా దూరం జరిపినప్పుడు రెండు నకళ్లూ ఒకదానిమీద ఒకటి పడవు, వ్యతికరణం ఉండదు, కౌంట్ ఒక మట్టానికి వచ్చి నిలబడుతుంది. అదే మీ కొలబద్ద. ఆ మట్టంలోంచి, ప్రతి కౌంట్‌లోంచి పరాయి కౌంట్‌ను తీసేసి, కౌంట్‌ను మట్టంతో భాగించి, 1లోంచి తీసేస్తే పారిటీ. ఇది సరి భాగం ఆరిపోయే ద్వారానికి. మరో ద్వారం వాడితే గుర్తు తిరగబడుతుంది. ఏది ఏదో కాగితం మీద వాదించుకోవడం కన్నా, మామూలు గుండ్రటి మచ్చను మధ్యలో పెట్టి చూడండి: అది సరి ప్రమేయం, అది ఆరిన ద్వారమే మొదటిది.

సెకనుకు 3.2 లక్షల ఫోటాన్లు వస్తే, నష్టాలు పోను, 60 శాతం సామర్థ్యమున్న డిటెక్టర్‌తో దూరపు మట్టం సెకనుకు 80,000 దాకా వస్తుంది. అరసెకనుకు 40,000, దాని వర్గమూలం 200, అంటే అర శాతం దోషం. స్థానంలో 41, కోణంలో 41 బిందువులు తీసుకుంటే 1681 బిందువులు, 14 నిమిషాలు. అద్దం కదిలి కుదుటపడే వ్యవధి కూడా కలిపితే అరగంట అనుకోండి. లేజర్ తీవ్రత ఆ అరగంటలో నెమ్మదిగా మారుతుంది కనుక ప్రతి వరస చివరా దూరపు మట్టానికి వెళ్లి రావడం మంచిది.

నిలువు, అడ్డం రెండు దిశలూ పూర్తిగా కావాలంటే లెక్క మారిపోతుంది. 41ని నాలుగుసార్లు గుణిస్తే 28 లక్షల పైచిలుకు బిందువులు, అరసెకను చొప్పున 16 రోజులు. ఎవరూ చేయరు. నిలువు కేంద్రాన్ని సున్నా దగ్గర ఆపి ఒక కోత మాత్రమే తీస్తారు.

కౌంట్ ఎక్కువ కావాలని వెలుగు పెంచేయకండి. ఒక క్లిక్కు తర్వాత డిటెక్టర్ 50 నానోసెకన్లు గుడ్డిగా ఉంటుందనుకుంటే, సెకనుకు లక్ష కౌంట్ల దగ్గర నష్టం అర శాతం, పది లక్షల దగ్గర 5 శాతం. దూరపు మట్టం ఎక్కువగా, మధ్యలోయ తక్కువగా నష్టపోతాయి కాబట్టి చిత్రం ఆకారమే మారుతుంది.

ప్రశ్న: జంట చీలికల విగ్నర్ చిత్రంలో రుణాత్మక విలువలు వస్తాయట. రుణ సంభావ్యత అంటే కాంతి క్వాంటం స్వభావానికి రుజువే కదా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: కాదు. ఇక్కడ చాలా పుస్తకాలు రెండు వేర్వేరు విగ్నర్ ప్రమేయాలను కలగలిపేస్తాయి. కాంతి విద్యుత్ క్షేత్రపు ఊగిసలాటకు ఒకటుంది. దానిలో రుణ విలువ వస్తే ఆ కాంతి సాంప్రదాయిక కాంతి కాదని చెప్పవచ్చు. మనం ఇక్కడ కొలుస్తున్నది అడ్డుకోతలో స్థానం–కోణాలది. ఇందులో రుణ విలువలు మామూలు లేజర్‌కూ వస్తాయి, నిండు వెలుగులోనూ వస్తాయి. అవి చెప్పేది తరంగ వ్యతికరణం గురించి మాత్రమే.

చిత్రం మాత్రం చూడదగ్గది. చీలికల మధ్య ఎడం 0.5 మిల్లీమీటర్లైతే, రెండు చీలికల దగ్గర రెండు గుట్టలు, సరిగ్గా నడుమ, ఒక్క ఫోటాన్ కూడా పడని చోట, కోణం వెంట పైకీ కిందికీ ఊగే మూడో గుట్ట. ఆ ఊగిసలాట 1.27 మిల్లీరేడియన్లకు ఒకసారి పునరావృతమవుతుంది. అద్దం పరంగా 0.63, చారకు కనీసం ఎనిమిది బిందువులు పడేలా అడుగు పెట్టుకోకపోతే చారలు చెదిరి మాయమవుతాయి. చీలికలకు ముందు తిరుగుతున్న గరుకు గాజు పెట్టి రెండిటి మధ్య సంబద్ధత చెరిపేస్తే, నడిమి గుట్ట చదునై దూరపు మట్టంలో కలిసిపోతుంది. పక్క గుట్టలు రెండూ అక్కడే ఉంటాయి.

ప్రశ్న: ఇంతకన్నా తేలిక పద్ధతి లేదా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: ఏం కావాలన్న దాన్ని బట్టి. కొలవాల్సిన బీమ్ శుద్ధ స్థితి (పూర్తి సంబద్ధత ఉండి, ఒక్క తరంగ ప్రమేయంతో చెప్పగలిగేది) అని ముందే తెలిస్తే, 2011లో కెనడాలో లుండీన్ బృందం చేసిన పద్ధతి బాగుంటుంది. సన్నటి అర్ధతరంగ పలక ముక్కను బీమ్‌కు అడ్డంగా జరుపుతూ ఆ చోటి ధ్రువణాన్ని కొద్దిగా తిప్పుతారు. తర్వాత లెన్స్, చీలికతో నేరుగా వంపులేకుండా పోయే ఫోటాన్లను మాత్రమే ఏరుకుని, వాటి ధ్రువణం చూస్తారు. రేఖీయ ధ్రువణంలో మార్పు ప్రమేయపు వాస్తవ భాగం, వృత్తీయ ధ్రువణంలో మార్పు కల్పిత భాగం ఇస్తుంది. ఏరుకున్నాక ఫోటాన్లు చాలా కొద్దిగా మిగులుతాయి, అదే దాని ఖరీదు. 1994లో రేమర్, బెక్, మెక్‌ఆలిస్టర్ చేసిన టోమోగ్రఫీ మరోదారి: వేర్వేరు లెన్స్ అమరికల వెనక తీవ్రత చిత్రాలు తీసి, సీటీ స్కాన్‌లోలా కంప్యూటర్‌తో కలిపి కడతారు. కెమెరాకు సరిపడా వెలుగుంటే అదే తేలిక. మసకలో, కొంతే సంబద్ధత ఉన్న బీమ్‌కు మాత్రం పారిటీ పద్ధతే మా ఓటు. కంప్యూటర్ పునర్నిర్మాణం లేదు, ఒక్కో బిందువు దగ్గరి కౌంటే జవాబు, తప్పు జరిగినా ఎక్కడ జరిగిందో కనబడుతుంది.

ప్రశ్న: నిజమైన ఒంటరి ఫోటాన్లతో చేయాలంటే ఏం మారుతుంది?
– ఇంజనీరు, డల్లాస్

జవాబు: మూలం, లెక్కపెట్టే తీరు. 405 నానోమీటర్ల లేజర్‌ను బీబీఓ (బేరియం బోరేట్) స్ఫటికంలోకి పంపితే అరుదుగా ఒక ఫోటాన్ చీలి 810 నానోమీటర్ల జంటగా మారుతుంది. జంటలో ఒకటి కబురు చెప్పే డిటెక్టర్‌కు, రెండోది సాన్యాక్‌లోకి. రెండూ కొన్ని నానోసెకన్ల కిటికీలో కలిసి క్లిక్కుమంటేనే లెక్కలోకి తీసుకుంటారు. దీంతో పరాయి వెలుగు బెడద చాలా తగ్గుతుంది.

కబురు చెప్పే వైపు ఏం పెట్టారన్నది ఫలితాన్నే మారుస్తుంది. అటు సింగిల్ మోడ్ ఫైబర్ ఉంటే ఇటు ఫోటాన్ దాదాపు శుద్ధ స్థితిలో వస్తుంది. పెద్ద ముఖమున్న డిటెక్టర్ ఉంటే జంట ఫోటాన్ ఎటు పోయిందన్న సమాచారం కలిసిపోయి, ఇటు మిశ్రమ స్థితి (ఒక్క ప్రమేయంతో చెప్పలేనిది) వస్తుంది, విగ్నర్ చిత్రం వెడల్పై చదునవుతుంది. పరికరం చెడిందనుకుని అద్దాలు కదపకండి, అది సరిగ్గానే చెబుతోంది.

810 దగ్గర పట్టకం, పోలరైజర్లు, స్ప్లిటర్ పూతలన్నీ ఆ రంగుకు తగ్గవి కావాలి. కోణాల కొలబద్ద కూడా తరంగదైర్ఘ్యంతో మారుతుంది, 633లో వేసుకున్న లెక్కను 1.28తో గుణించుకోవాలి. ఇక కాకతాళీయంగా కలిసే క్లిక్కుల సంగతి: రెండు డిటెక్టర్లలో చెరి లక్ష కౌంట్లు, కిటికీ 5 నానోసెకన్లు అయితే సెకనుకు 50 దొంగ జంటలు పడతాయి. ఒక వైపు సిగ్నల్‌ను కేబుల్ పొడిగించి 100 నానోసెకన్లు ఆలస్యం చేసి అదే కౌంట్ మళ్లీ తీస్తే ఆ దొంగ జంటలే విడిగా దొరుకుతాయి. వాటిని ప్రతి బిందువు దగ్గరా తీసేయాలి.